మట్టిల సీసం ఎవలిది? బండదా, బట్టీదా?

రావిర్యాల కాడ భూమి రేటెంతో అడిగితే బడికి పోయే పిలగాడు సుత చెప్తడు. అదే భూమిల సీసం ఎంతున్నదో అడిగితే ఊరి పెద్దమనిషి సుత తెల్వదంటడు.

సీసం మామూలు చీజ్ కాదు. పిల్లల ఒంట్లకు పోతే మెదడు ఎదుగుడును దెబ్బతీస్తది. ఇంత వరకైతే ఏం గాదు అనే లెక్కనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

మన రంగారెడ్డి జిల్లాలనే ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని ఎన్‌జీఆర్‌ఐ సైంటిస్టులు పరీక్ష జేసిండ్రు. సీసం, క్రోమియం, నికెల్ ఉండాల్సిన దానికంటె ఎక్కువున్నయని 2008ల అచ్చేసిండ్రు. ఇసుంటియి బయటవడ్డప్పుడు "అది మేం పోసింది కాదు, మీ బండలల్లనే ఉన్నది" అని ఎవలన్న అంటే ఏం జెయ్యాలె?

ఆ మాట నిజమో అబద్ధమో చెప్పే సాక్షి సీసంలనే ఉన్నది. సీసం పరమాణువులు నాలుగు రకాలు: 204, 206, 207, 208. అన్నీ సీసమే, బరువులనే తేడా. వీటినే ఐసోటోపులు అంటరు. 204 భూమి పుట్టిననాడు ఎంతున్నదో ఇప్పుడూ అంతే. యురేనియం విరిగి విరిగి 206, 207 అయితది. థోరియం 208 అయితది.

మన గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు. అండ్ల యురేనియం, థోరియం ఉన్నయి కాబట్టి ఇప్పటికీ కొత్త సీసం పుడ్తనే ఉన్నది. గని సీసం కథ వేరే. ఖనిజంగ గడ్డకట్టిననాడే అది యురేనియం నుంచి వేరువడ్డది, దాని లెక్క ఆడనే ఆగింది. ఆ సీసమే బ్యాటరీలకు, రంగులకు, 2000 దాక మన పెట్రోలుకు పోయింది. అందుకే బండ సీసం పాళ్లు, బట్టీ సీసం పాళ్లు శానమట్టుకు కలువయి.

మొక్క వేరుకు ఈ తేడా తెల్వదు. మట్టిల నుంచి ఏ పాళ్లు అందితే పాలకూరల అవే పాళ్లు. ఆకు మీద పడ్డ దుమ్ముది ఇంకో లెక్క. అందుకే కడిగిన ఆకు, కడగని ఆకు రెండూ చూడాలె.

ఒక చిక్కున్నది. పాత బ్యాటరీలు కరిగించే కాడ తీరుతీరు గనుల సీసం కలుస్తది. ఒక్క మట్టి ముద్దతోని తీర్పు చెప్పలేం. ఊరి బండ, పై మట్టి, లోతు మట్టి, బట్టీ బూడిద, ఆకుకూర అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలె.

'ఎంత' అనేది తెలిసి, 'ఏడికెల్లి' అనేది తేలకపోతే ఏమైతదో ఏలూరు చూపెట్టింది. 2020 డిసెంబర్ల అక్కడ వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయిండ్రు. రక్తంల సీసం, నికెల్ ఉన్నయని ఎయిమ్స్ చెప్పింది. అసలు కారణం మీద మాత్రం తలా ఓ మాట చెప్పిండ్రు.

తమ్మీ, చెల్లె, రేపు మీ ఊర్ల మట్టి పరీక్ష జేస్తే "సీసం ఎంత?" అని అడిగి ఊకోకుండ్రి. "ఎవలిది?" అని సుత అడుగుండ్రి. ఐసోటోపుల రిపోర్టు చేతిల పెట్టమనుండ్రి. ఎవలిదో తేలకుంటే సాఫ్ జేసే ఖర్సు మన నెత్తినే, రోగం మన పిల్లల ఒంట్లనే.