గ్రీన్‌వాషింగ్

ప్యాడ్ల ప్యాకెట్ మీద ఆకు బొమ్మ, పక్కనే ‘సహజం’, ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న మాటలు. సరైన ఆధారం చూపకుండా పర్యావరణం పేరు చెప్పి సరుకు అమ్ముకోవడమే గ్రీన్‌వాషింగ్. 1986లో అమెరికా పర్యావరణవేత్త జే వెస్టర్‌వెల్డ్, తువ్వాళ్లు మళ్లీ వాడి ప్రకృతిని కాపాడమనే హోటళ్లను విమర్శిస్తూ ఈ మాట పుట్టించారు.

నెలసరి వస్తువుల్లో ఇది మరీ బాధాకరం. పైపొర పత్తిదైనా, తడి దిగకుండా అడుగున వేసే పొర చాలాసార్లు ప్లాస్టిక్కే. ‘కంపోస్టబుల్’ అన్నదీ తరచు పరిశ్రమ స్థాయి వేడిలోనే కుళ్లుతుంది. ఊరి చెత్తకుప్పలో ఆ వేడి ఎక్కడిది? ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే పర్యావరణ సంస్థ 2022లో 10 రకాల ప్యాడ్లను పరీక్షిస్తే, ‘ఆర్గానిక్’ అని రాసుకున్నవాటిలోనూ థాలేట్లు కనిపించాయి. హార్మోన్ల పనికి అడ్డుపడగల రసాయనాలవి. ఆ ప్యాడ్ల వల్ల జబ్బు వస్తుందని దీంతో తేలిపోలేదు. అయినా ‘ఆర్గానిక్’ అన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టిన అమ్మాయికి జవాబు దక్కాలి.

‘ఎకో ఫ్రెండ్లీ’ వంటి మాటలకు రుజువు, వివరణ ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి గట్టిగా అడుగుదాం: ప్యాడ్ మొత్తమా, పైపొర ఒక్కటేనా? మట్టిలో కలిసేది ఎన్నాళ్లకు, ఎలాంటి చోట? పరీక్షించిందెవరు?