కొండవీటి గెలుపోటములు: అపోహలు – వాస్తవాలు

అపోహ: 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని ముస్లిం పాలకుల చెర నుంచి విడిపించాడు.

వాస్తవం: మంగళగిరి శిలాస్తంభం చదివితే ఈ మాట నిలవదు. ఆ ఏడాది జూన్ 23న సాళువ తిమ్మరుసు కొండవీటి కోటను పట్టుకున్న సంగతి దాని మీద ఉంది. అప్పటికి ఆ కోటను ఏలుతున్నది ఒడిశా గజపతులు, పూరీ జగన్నాథుణ్ణి కొలిచేవాళ్లు. కోటలో చిక్కింది ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. ఈ దండయాత్రను చెప్పే రాయల శాసనాలు అతనితోపాటు పట్టుబడిన పాత్రుల (గజపతి సరదార్ల) పేర్లు కూడా ఇస్తాయి. వాటిలో మల్లూఖాను, ఉద్దండఖాను అనే రెండు పేర్లున్నాయి. అంటే హిందూ గజపతి కోటను హిందూ రాయల నుంచి కాపాడటానికి ముస్లిం సరదార్లు నిలబడ్డారు. రాయల సేనలోనూ ముస్లిం దళాలుండేవి. అయినా మన ఊళ్లలో ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పుకోవడం వింటుంటే నాకు బాధేస్తుంది. ఆ రాయి మన మంగళగిరిలోనే ఉంది కదా!

అపోహ: గోల్కొండ వాళ్లు వచ్చాక తెలుగు మూలపడింది.

వాస్తవం: 1580 ప్రాంతంలో కొండవీడు గోల్కొండ వశమై ముర్తజానగర్ అయింది. గెలిచిన ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది తెలుగు కవులు మల్కిభరాముడన్న ఈ ఇబ్రహీంకే. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం అగ్రహారంగా ఇచ్చిందీ ఆయనే. తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన అమీన్ ఖాన్ గోల్కొండ అధికారి.

అపోహ: అయితే ఈ దండయాత్రల్లో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

వాస్తవం: ఇదీ అంతే తప్పు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతిలో కూలాక అగ్రహారాలు లాక్కున్నారని, గుళ్లు పాడయ్యాయని, రైతు పండించింది అతనికి దక్కలేదని ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. దాన్ని దాచడం చరిత్రకు ద్రోహమే. 1579లో గోల్కొండ సేన అహోబిలాన్ని కొల్లగొట్టింది. ఆ సేనకు నాయకుడు మురహరిరావు అనే బ్రాహ్మణుడు.

అపోహ: కొండవీడు మాట అలా ఉంచి ఇంకా వెనక్కి వెళ్తే, ఏడో శతాబ్దంలో అరబ్బులు గెలిచిన దేశాలు రాత్రికి రాత్రే మతమూ భాషా మార్చుకున్నాయి.

వాస్తవం: 651లో చివరి ససానీయ చక్రవర్తి మూడో యజ్దగర్ద్ హతుడయ్యాడు. కానీ ఇరాక్‌లో పన్నుల లెక్కలు ఆ శతాబ్ది చివరిదాకా పాత గుమాస్తాల చేతిలో, ఆనాటి పారసీ అయిన పహ్లవీ భాషలోనే నడిచాయి. సిరియాలో గ్రీకులో నడిచాయి. వాటిని అరబీకి మార్పించింది ఖలీఫా అబ్దుల్ మాలిక్. ఇరాన్ జనంలో ఎక్కువమంది ముస్లింలు కావడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. పారసీ చావలేదు. అరబీ లిపిలో కొత్త సాహిత్యం సృష్టించుకుని, ఢిల్లీ మీదుగా, బహమనీల మీదుగా గోల్కొండ దర్బారు దాకా వచ్చింది. అక్కడి ఫర్మానాల్లో పారసీ పక్కనే తెలుగూ ఉండేది.