రేపటివారి వాటా: జర్మనీ తన లక్ష్యమును పెంచిన విధము

ఒక దేశము తాను విడుచు హరితగృహ వాయువులను ఇన్ని సంవత్సరములలో ఇంత శాతము తగ్గింతునని ప్రకటించుట నేడు తరచుగా వినబడు వార్త. కొంతకాలము గడచిన పిమ్మట ఆ దేశమే ఆ శాతమును పెంచినదని మరియొక వార్త వచ్చును. వినువారికి ఈ రెండును అంకెల మార్పుగనే తోచును. 55 శాతము 65 శాతమైనంత మాత్రమున ఎవరికేమి ఒరిగినది, ఎవరికేమి తరిగినది అను ప్రశ్నకు సమాధానము ఆ వార్తలో దొరకదు. 2021వ సంవత్సరమున జర్మనీలో జరిగిన మార్పును పరిశీలించినచో ఆ సమాధానము చాలవరకు దొరకును. ఏలయన, అచ్చట ఈ విషయము న్యాయస్థానమునకు ఎక్కినది. నేటివారికిని రేపటివారికిని మధ్య పంపకము న్యాయముగ జరిగినదా లేదా అను విచారణయే అచ్చట ప్రధానమైనది.

మొదట ఆ పంపకము దేనిని గూర్చియో తెలిసికొనవలెను. సూర్యరశ్మి వలన వేడెక్కిన భూమి తిరిగి వెలువరించు ఉష్ణమును కొన్ని వాయువులు పట్టి నిలుపును. వీనినే హరితగృహ వాయువులందురు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మొదలైనవి ఈ కోవలోనివే అయినను, వీనిలో ప్రధానమైనది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్. బొగ్గు, పెట్రోలు, సహజవాయువు మండినపుడు ఇది పుట్టును. గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువులో చెప్పుకోదగిన భాగము శతాబ్దముల కొలది అచ్చటనే నిలిచియుండును. కావున ఈ ఏడు ఎంత విడిచితిమన్న దానికంటె మొత్తము మీద ఎంత విడిచితిమన్నదే ముఖ్యము. భూతాపము ఒక హద్దు దాటకుండ ఉండవలెనన్న ఇక విడువదగినది ఇంత అని శాస్త్రజ్ఞులు లెక్క కట్టుచున్నారు. ఆ మొత్తమును గాదెలోని ధాన్యముతో పోల్చవచ్చును. అయితే ఈ గాదెను నింపుటకు మరల పంట రాదు. ముందు కూర్చున్నవారు ఎంత ఎక్కువ తినిన, వెనుక వచ్చువారికి అంత తక్కువ మిగులును.

2015లో కుదిరిన పారిస్ ఒప్పందము ప్రకారము భూతాపపు పెరుగుదలను 2 డిగ్రీలకు చాల లోపున నిలుపుటకును, 1.5 డిగ్రీల దగ్గరనే ఆపుటకు ప్రయత్నించుటకును దేశములు అంగీకరించినవి. దానికి అనుగుణముగ జర్మనీ 2019 డిసెంబరులో ఒక శాసనము చేసెను. 1990లో విడిచిన వాయువులతో పోల్చి 2030 నాటికి కనీసము 55 శాతము తగ్గింపవలెనని అందు నిర్ణయించిరి. విద్యుత్తు మొదలగు శక్తి ఉత్పత్తి, పరిశ్రమలు, భవనములు, రవాణా, వ్యవసాయము, వ్యర్థములు అను ఆరు రంగములకు ఏటేట ఇంత మించరాదని పరిమితులు విధించిరి. 2050 నాటికి తటస్థత సాధింపవలెనన్నది దూరపు గమ్యము. విడిచినంత వాయువును అడవులు మొదలగువాని ద్వారా తిరిగి గ్రహించి లెక్క సరిచేయుటయే తటస్థత. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని 2030కి తరువాత ఏ యేడు ఎంత తగ్గింపవలెనో ఆ శాసనము చెప్పలేదు. ఆ పనిని ప్రభుత్వము 2025లో చూచుకొనునని మాత్రము వ్రాసియుంచిరి.

ఈ లోపమును పట్టుకొని నాలుగు ఫిర్యాదులు కార్ల్స్‌రూహే నగరమందలి జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానమునకు చేరినవి. ఫిర్యాదీలలో పలువురు యువజనులు. ఉత్తర సముద్రములో కరకట్టల చాటున బ్రదుకు పెల్వోర్మ్ అను పల్లపు ద్వీపమునకు చెందిన వ్యవసాయ కుటుంబమువారు వారిలో ఉన్నారు. బంగ్లాదేశ్, నేపాల్ దేశముల వారును ఉన్నారు. 2021 మార్చి 24 తేదీతో న్యాయస్థానము చేసిన తీర్పు ఏప్రిల్ 29న వెలువడెను. బంగ్లాదేశ్, నేపాల్ వాసుల ఫిర్యాదును విచారణకు స్వీకరించినను, వారి హక్కులకు జర్మనీ భంగము కలిగించినదన్న వాదమును న్యాయస్థానము అంగీకరింపలేదు. కాని స్వదేశపు యువజనుల విషయమున శాసనము కొంతమేరకు రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించెను.

ఆ తీర్పునకు ఆధారమైన లెక్క సులభముగ గ్రహింపదగినది. పర్యావరణ విషయములలో జర్మనీ ప్రభుత్వమునకు సలహాలిచ్చు నిపుణుల మండలి 2020లో ఒక అంచనా వేసెను. భూతాపము 1.75 డిగ్రీల దగ్గర ఆగుటకు మూడింట రెండు వంతుల అవకాశమైన ఉండవలెనన్న, 2020 నుండి జర్మనీ వంతుకు వచ్చు బొగ్గుపులుసు వాయువు మొత్తము 670 కోట్ల టన్నులు. శాసనము అనుమతించిన రీతిగ నడచినచో 2030 నాటికే సుమారు 600 కోట్ల టన్నులు ఖర్చగును. అటుపిమ్మట మిగులునది 100 కోట్ల టన్నుల లోపు. 2019లో జర్మనీ విడిచిన రేటున అది ఏడాదిన్నరకు చాలదు. ఇట్టి అంచనాలలో కొంత అనిశ్చితి తప్పదని న్యాయస్థానము ఒప్పుకొనెను. అయినను దానిని సాకుగ చేసికొని లెక్కను త్రోసిపుచ్చరాదనెను.

ఇక హక్కు మాట. ఇల్లు వెచ్చగ ఉంచుకొనుట, ప్రయాణము చేయుట, వస్తువులు తయారుచేయుట, ఇండ్లు కట్టుట, ఇట్లు నేటి మానవుడు స్వేచ్ఛగ చేయు పనులలో చాలభాగము ఈ వాయువుతో ముడివడియున్నవి. గాదె ఒక్కసారిగ అడుగంటినచో ఆ పనులన్నింటిపైనను ఒక్కసారిగ ఆంక్షలు పడును. అనగా నేడు తగ్గింపును వాయిదా వేయుట రేపటివారి స్వేచ్ఛను ముందుగనే ఖర్చు పెట్టుట. జర్మనీ రాజ్యాంగమగు మూలశాసనమున 1994లో చేర్చిన 20ఎ అధికరణము రాబోవు తరముల పట్ల బాధ్యతతో జీవనాధారములైన ప్రకృతి సంపదలను రాజ్యము కాపాడవలెనని విధించుచున్నది. ఒక తరము తేలికైన భారము మోసి తరువాతి తరముపై మోయరాని భారము నుంచుట తగదని న్యాయస్థానము దీనిని అన్వయించెను. 2030 తరువాతి మార్గమును 2022 డిసెంబరు 31 లోపల శాసనమున స్పష్టపరుపవలెనని ఆదేశించెను.

శాసనసభకు దాదాపు ఇరువది నెలల గడువు లభించినది. పని రెండు నెలలలోనే ముగిసినది. మే 12న మంత్రివర్గము సవరణను ఆమోదించెను. జూన్ 24న బుండెస్టాగ్, మరునాడు బుండెస్‌రాట్ అంగీకరించినవి. ఆగస్టు 31న అది అమలులోనికి వచ్చెను. ఈ త్వరకు తీర్పు ఒక్కటే కారణము కాదు. ఐరోపా సంఘము 2020 డిసెంబరులోనే తన ఉమ్మడి లక్ష్యమును 40 నుండి 55 శాతమునకు పెంచియుండెను. జర్మనీలో సెప్టెంబరు ఎన్నికలు సమీపించియుండెను. కొత్త శాసనము ప్రకారము 2030కి 65 శాతము, 2040కి 88 శాతము తగ్గింపు. తటస్థత 2050కి బదులు 2045కే.

టన్నులలో చెప్పినచో ఈ మార్పు మరింత తెలియును. 2030లో ఆరు రంగములును కలసి విడువదగిన మొత్తము 54.3 కోట్ల టన్నుల నుండి 43.8 కోట్లకు దిగెను. ఆ తగ్గుదలలో పెద్ద భాగము శక్తి ఉత్పత్తిపైననే పడినది: దాని పరిమితి 17.5 కోట్ల నుండి 10.8 కోట్లకు వచ్చెను. రవాణాకు 9.5 కోట్లు 8.5 కోట్లైనవి. బొగ్గుతో విద్యుత్తు చేయుటను 2038 నాటికైన మానవలెనని 2020లోనే శాసించియుండిరి; పశ్చిమమున రైన్ ప్రాంతపు కేంద్రములను 2030కే మూయుటకు 2022లో ఒప్పందము కుదిరెను. తూర్పున లౌసిట్స్ ప్రాంతమున గనుల మీద బ్రదుకు ఊళ్లవారికి మాత్రము 2038 గడువు కూడ దగ్గరగనే కనిపించుచున్నది. లక్ష్యమును పెంచుటలోని కష్టము ఇట్టి ఊళ్లలో తెలియును. రేపటివారికి వాటా మిగుల్చుట నేటివారిలో కొందరి మీదనే బరువుగ పడరాదు కదా!

ఫలితమును కొలుచునపుడు రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. మొదటిది, 1990 అను ఆధార సంవత్సరము. ఆ యేడు జర్మనీ విడిచినది సుమారు 125 కోట్ల టన్నులు. తూర్పు, పశ్చిమ జర్మనీలు ఏకమైన సంవత్సరమదియే. తరువాతి కొలది యేండ్లలో తూర్పున పాత కర్మాగారములు అనేకము మూతపడి వాయువులు తమంత తామే తగ్గినవి. రెండవది, రంగములు సమముగ నడచుట లేదు. 2024 నాటికి మొత్తము సుమారు 65 కోట్ల టన్నులకు దిగి 48 శాతము తగ్గింపు సిద్ధించినది; ఆ యేడు వాడిన విద్యుత్తులో సగమునకు మించి గాలి, ఎండ మొదలగు తరుగని వనరులనుండి వచ్చినదే. రవాణా రంగము మాత్రము వరుసగ తన పరిమితిని దాటుచు వచ్చెను. 2024లో మరల శాసనమును సవరించి, ఏటేట ఒక్కొక్క రంగమును నిలదీయుటకు బదులు అన్ని రంగములను కలిపి పలు సంవత్సరముల లెక్క చూచు పద్ధతి తెచ్చిరి. 65 శాతము అంకె మారలేదు. దానిని కాపాడు కంచె సడలినదని విమర్శకులు పలికిరి.

ప్రపంచము విడుచు వాయువులలో జర్మనీ వాటా సుమారు రెండు శాతమే గదా, అది ఎంత తగ్గించిననేమి అని అడుగువారు కలరు. న్యాయస్థానము దీనికిని సమాధానము చెప్పెను: ఇతర దేశములు విడుచుచున్నవని చూపి ఏ దేశమును తన బాధ్యతను తప్పించుకొనజాలదు, ఇతరులు నమ్మి ముందుకు రావలెనన్న తన వంతు చేసి చూపవలెను.

మన దేశపు లక్ష్యము వేరు విధమైనది. 2022లో భారతదేశము ప్రకటించినది మొత్తము టన్నుల తగ్గింపు కాదు. 2005తో పోల్చి, స్థూల దేశీయోత్పత్తిలో రూపాయి విలువకు వెలువడు వాయువును 2030 నాటికి 45 శాతము తగ్గించుట. తలసరి వినియోగము తక్కువగ ఉండి ఇంకను ఎదుగవలసిన దేశమునకు ఇది భిన్నమైన కొలత. అయినను రాజ్యాంగమును ఆశ్రయించు మార్గము మనకును ఉన్నది. పర్యావరణ రక్షణను గూర్చిన 48ఎ అధికరణము 1976లో చేరినది. రాజస్థాన్, గుజరాత్ ప్రాంతముల బట్టమేక పిట్టల రక్షణకై సాగిన వ్యాజ్యములో మన సుప్రీంకోర్టు 2024 మార్చి 21న, వాతావరణ మార్పుల దుష్ఫలితములనుండి రక్షణ పొందు హక్కును 14, 21 అధికరణముల క్రింద గుర్తించినది.

ఇకమీదట ఏ దేశమైనను తన లక్ష్యమును పెంచినదన్న వార్త విన్నపుడు శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఏ సంవత్సరముతో పోల్చుచున్నారు? కొలుచుచున్నది మొత్తమునా, నిష్పత్తినా? గడువు నాటికి గాదెలో ఎంత మిగులును? మొదటి రెండు ప్రశ్నలకు ప్రభుత్వ ప్రకటనలలో సమాధానము దొరకును. మూడవదానిని ఫిర్యాదీలు అడిగి, న్యాయస్థానము లెక్క చూచిన తరువాతనే జర్మనీ శాసనము మారినది.