ఆదిమ కార్డేట్లు: వెన్నెముక గల జీవులకు అత్యంత సమీప బంధువు ఏది?

రేవు స్తంభాలకు, ఓడల అడుగుభాగాలకు చిన్న తోలుసంచుల వలె అంటిపెట్టుకొని ఉండే ఆసీడియన్లను చూసినవారెవరూ వాటిని చేపలకు, పక్షులకు, మానవునికి బంధువులుగా ఊహించరు. తల లేదు, కదలిక లేదు. తాకితే నీటిని చిమ్ముతాయి. శాస్త్రజ్ఞులు సైతం చాలాకాలం వీటిని నత్తలు, ఆల్చిప్పల సరసన చేర్చారు.

ఈ అభిప్రాయాన్ని మార్చినది రష్యన్ పిండశాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ. తోకకప్పను పోలిన ఆసీడియన్ డింభకం తోకలో పృష్ఠవంశం ఉన్నదని 1866లో ఆయన వెల్లడించారు. ఆహారనాళానికి పైన, నాడీదండానికి దిగువన ఉండి, వంగగలిగే గట్టి కడ్డీయే పృష్ఠవంశం. దీనితోపాటు వీపువైపున బోలుగా ఉండే నాడీదండం, గ్రసనిలో చీలికలు, పాయువు వెనుకకు సాగిన తోక జీవితంలో ఏదో ఒక దశలోనైనా కనిపించే జంతువులు కార్డేటా వర్గానికి చెందుతాయి. ‘ఏదో ఒక దశ’ అన్న మాటే ఇక్కడ కీలకం. మానవునిలోనూ తోక పిండదశకే పరిమితం కదా!

వెన్నెముక ఏర్పడని కార్డేట్లను ఆదిమ కార్డేట్లు లేదా ప్రోటోకార్డేట్లు అంటారు. ఇవన్నీ సముద్రజీవులే. వీటిలో యూరోకార్డేటా ఉపవర్గానికి చెందిన సుమారు 3,000 జాతులలో పృష్ఠవంశం తోకలో మాత్రమే ఉంటుంది. ఆసీడియన్ డింభకం కొద్దికాలం ఈది, తలభాగంతో ఏదో ఒక ఆధారానికి అతుక్కుంటుంది. ఆపై తోక, పృష్ఠవంశం అంతరిస్తాయి. నాడీదండం చిన్న నాడీసంధిగా కుదించుకుపోతుంది. దీనినే తిరోగామి రూపవిక్రియ అంటారు. దేహాన్ని కప్పే కంచుకంలో సెల్యులోజ్ ఉండటం జంతుప్రపంచంలో అరుదైన విషయం. ఆయికోప్లూరా వంటి కొన్ని జీవులు మాత్రం జీవితాంతం తోకను నిలుపుకుంటాయి.

రెండవది సెఫలోకార్డేటా. ఇసుకలో దేహాన్ని దాచుకొని జీవించే కొద్ది సెంటీమీటర్ల ఆంఫియాక్సస్ ఇందుకు ఉదాహరణ. 1774లో పీటర్ సైమన్ పల్లాస్ దీనిని చిప్పలేని నత్తగా పొరబడ్డారు. పుర్రె, దవడలు లేకున్నా, దీని పృష్ఠవంశం ముట్టె చివర నుంచి తోక కొన వరకు సాగి, జీవితాంతం నిలుస్తుంది.

ఒకప్పుడు బెలనోగ్లాసస్ వంటి హెమీకార్డేట్లను కూడా ఇక్కడే చేర్చేవారు. వాటి తొండంలోని చిన్న నిర్మాణాన్ని పృష్ఠవంశంగా భావించడమే అందుకు కారణం. నేడు అవి వేరొక వర్గం. సముద్ర నక్షత్రాలకు సమీప బంధువులు. పాత పాఠ్యపుస్తకాలతో చదివేవారు ఈ మార్పును గమనించాలి.

ఇక అసలు ప్రశ్న. చేపను పోలిన ఆంఫియాక్ససే కశేరుకాలకు అత్యంత సమీప బంధువని దీర్ఘకాలం బోధించారు. అది సహజమైన ఊహే. కానీ అనేక జన్యువులను పోల్చి 2006లో ప్రచురించిన అధ్యయనం ఆ స్థానాన్ని యూరోకార్డేట్లకు ఇచ్చింది. 2008లో వెలువడిన ఆంఫియాక్సస్ జన్యుపటం దీనిని బలపరచింది. అంటే కార్డేట్ వంశవృక్షంలో ముందుగా చీలిపోయిన శాఖ ఆంఫియాక్సస్‌దే. కాబట్టి ‘ప్రోటోకార్డేట్లు’ అన్నది ఒకే వంశానికి చెందిన పేరు కాదు. వెన్నెముక లేని రెండు శాఖలను కలిపి పిలిచేందుకు మిగిలిన సౌలభ్యం మాత్రమే.