దగ్గితే తడుస్తోందా? వయసు మీద నెట్టకండి

ఇల్లందు అడవి పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే తునికాకు పని. తెల్లారకముందే అడవికి పోవాలి. కోసిన ఆకు మోసుకొచ్చి, గొంతుక్కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టాలి. మూట నెత్తికెత్తుకున్నప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో చీర తడిస్తే ఏ ఆడమనిషీ పైకి చెప్పదు. ఎవరైనా కనిపెట్టి అడిగినా "వయసొచ్చింది గదా" అని ఊరుకుంటుంది.

వయసు ఒక్కటే కారణం కాదు. నడుము ఎముకల అడుగున ఉన్న కండరాలు మూత్రాశయాన్నీ గర్భసంచినీ ఉట్టిలా మోస్తుంటాయి. కాన్పులు, బరువులు, మలబద్ధకం, మానని దగ్గు వాటిని సడలిస్తాయి. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి మూత్రనాళం చుట్టూ పట్టు పలచబడుతుంది. అప్పుడు దగ్గితే చాలు, కడుపులోని ఒత్తిడికి చుక్కలు రాలతాయి. ఇంకో రకంలో మూత్రాశయం నిండకముందే ముడుచుకుపోతుంది. ఒంటికి వచ్చిందంటే దొడ్డి దాకా కూడా ఆగదు. చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి. షుగరుంటే బాధ ఎక్కువవుతుంది.

గర్భసంచి తీయించుకున్నవాళ్లలోనూ ఈ ముప్పు పెరగొచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. మనకిది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఆ ఆపరేషన్ అయినవారు దేశమంతటా 3 శాతం పైచిలుకు ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 8 శాతం దాటారు.

2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. అయినా దారిలో ఒంటికి వస్తే ఎట్లా అన్న భయంతో పెళ్లిళ్లు, జాతరలు మానుకునేవాళ్లున్నారు. నీళ్లు తాగడమూ తగ్గిస్తారు. దాంతో మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం ముదురుతుంది, కారడమూ ఆగదు. ఇక "ఆరోగ్యం ఎట్లా ఉంది?" అంటే "ఏం బాగు" అన్న జవాబే వస్తుంది.

ఆ జవాబును వైద్యశాస్త్రం తేలిగ్గా తీసుకోదు. పరిశోధకులు ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యామినీ 1997లో 27 అధ్యయనాలను పోల్చి చూశారు. తమ ఆరోగ్యం బాగాలేదని తామే చెప్పినవారికి మరణ ముప్పు ఎక్కువని వాటిలో ఎక్కువ భాగం తేల్చాయి. చీర తడవడం ప్రాణం తీయదు. కానీ మనిషిని నలుగురిలో తిరగనీయకుండా చేసి, నాకు ఒంట్లో బాగాలేదన్న దిగులు పెంచుతుంది. నా దృష్టిలో అది జబ్బు కంటే తక్కువ నష్టం కాదు.

ఇట్లా మూత్రం కారడానికి తొలి వైద్యం పైసా ఖర్చు లేని వ్యాయామం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కేగెల్ 1948లో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గాలి పోకుండా బిగబట్టినట్టు నడుము అడుగు కండరాలను లోపలికి బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలాలి. ఊపిరి ఆపకూడదు, పొట్ట బిగించకూడదు. ఒక్కో విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు చేయాలి. దగ్గు వస్తున్నప్పుడు, మూట ఎత్తే ముందు కూడా ఒకసారి బిగించాలి. ఆపుకోలేని రకానికైతే ఒకసారి మూత్రానికి వెళ్లాక మళ్లీ వెళ్లేదాకా ఉండే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మూత్రంలో రక్తం పడినా, మంటతో జ్వరం వచ్చినా, ఏదో కిందికి జారినట్టున్నా, కాన్పో ఆపరేషనో అయ్యాక ఎడతెగకుండా కారుతున్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆశా కార్యకర్తలకు, ఇంట్లో కూతుళ్లకు, కోడళ్లకు ఒక మనవి. "ఒంట్లో ఎట్లుంది?" అనడంతో ఆపకండి. "దగ్గితే పడుతోందా అమ్మా?" అని విడిగా పిలిచి అడగండి.