పాలు పడటం లేదా? గోధుమను కూడా అనుమానించండి

పిల్లవాడికి పాలు పడటం లేదు, కడుపు ఉబ్బి విరేచనాలవుతున్నాయి, అందుకే మాన్పించాము అని సభ్యుల ఇళ్ళలో అంటుంటారు. వయసు పెరిగేకొద్దీ పాలచక్కెర సరిగా అరగకపోవడం మనవారిలో చాలామందికి ఉన్నదే. అయితే దానితోపాటు బిడ్డ ఎదుగుదల ఆగి, ఇనుము మాత్రలు మింగినా రక్తహీనత తగ్గకుంటే నేరం పాలది కాక గోధుమది కావచ్చును. ఈ జబ్బును వైద్యులు సీలియాక్ వ్యాధి అంటారు. ఇది అంటువ్యాధి కాదు.

గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. చపాతీ పిండి సాగేది దీనివల్లనే. వంశపారంపర్యంగా కొన్ని జన్యువులు వచ్చినవారిలో కొందరికి ఇది పడదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి తన చిన్నప్రేగు మీదనే దాడి చేస్తుంది. ప్రేగు లోపల సన్నని వ్రేళ్ళవలె ఉండే చూషకాలు అరిగిపోతాయి. పాలచక్కెరను అరిగించే ఎంజైము ఉండేది వాటిమీదనే. గోధుమ మాని ప్రేగు కోలుకున్నాక చాలామందికి పాలు మళ్ళీ పడతాయి.

1944-45 చలికాలంలో హాలండులో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు. రొట్టె రాగానే తిరగబెట్టింది. పిల్లల వైద్యుడు డికేకు అంతకుముందే ఉన్న అనుమానం దీనితో బలపడింది. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథం వెలువరించారు. కరువు ఒకరికి మేలు చేసిందని మేము విన్నది ఇదొక్కటే.

2016లో వెలువడిన మనదేశపు సర్వేలో ఈ వ్యాధి సూచనలు ఉత్తరాదిన 1.23 శాతం మంది రక్తంలో కనిపించగా, దక్షిణాదిన 0.10 శాతంలోనే కనిపించాయి. జన్యువులలో అంత తేడా లేదు. అక్కడ గోధుమ వాడకం రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. మన అనంతపురం ఇళ్ళలోని రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నంలో గ్లూటెన్ లేదు. పిల్లల చేతిలో బన్ను, బిస్కెట్టు పెరిగాయి కనుక చెప్పవలసి వచ్చింది.

అనుమానముంటే గోధుమ మాన్పించక ముందే రక్తపరీక్ష చేయించాలి. మానిన తరువాత చేయిస్తే జబ్బు బయటపడకపోవచ్చు. నిర్ధారణ అయితే జీవితాంతం గోధుమ మానడమే చికిత్స. గోధుమలు ఆడించిన మరలోనే జొన్నలు ఆడించినా, మైదా కలిపిన ఇంగువ వాడినా, పాలలో బార్లీ మాల్టు పొడి కలిపినా ముప్పే.

మందుల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. ప్రేగుకు హానిని తగ్గించే ఒక మాత్రపై 2021లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి. మరొక మందు పరీక్షలను 2022లో ఆపివేశారు. పథ్యానికి బదులు వాడదగిన మందు ఇంకా రాలేదు.

ఆవుకు గోధుమ తవుడు పెడుతున్నాము, ఆ పాలు ఇటువంటి బిడ్డకు పోయవచ్చునా అని సభ్యులకు సందేహం కలగవచ్చు. నిస్సంకోచంగా పోయవచ్చును. మేతలోని గ్లూటెన్ పశువు కడుపులోనే జీర్ణమవుతుంది, పొదుగులోకి చేరదు.