పాత పికప్ వాహనానికి వెనుక యాక్సిల్ ఎంపిక

5.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వెనుక యాక్సిల్ నిష్పత్తిని కనుక్కోగలుగుతారు.
• సెమీ ఫ్లోటింగ్, ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిళ్ల తేడాను వివరించగలుగుతారు.
• ఒక వాహనానికి తగిన యాక్సిల్‌ను కారణసహితంగా ఎంపిక చేయగలుగుతారు.

5.1 పరిచయం

మహీంద్రా సంస్థ 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. అలాంటి జీపు చాసిస్‌పై పికప్ బాడీ కట్టిన పాత వాహనాన్ని శాలిబండలో ఒకరు పునరుద్ధరిస్తున్నారనుకుందాం. బండి చార్మినార్, శాలిబండ రద్దీలో నెమ్మదిగా నడవాలి. సరుకుతో ఫలక్‌నుమా ఎత్తు ఎక్కాలి. దాని పాత యాక్సిల్ పనికిరాకుండా పోయింది. దాని స్థానంలో ఏది వేయాలి?

5.2 నిష్పత్తి

క్రౌన్ వీల్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే యాక్సిల్ నిష్పత్తి వస్తుంది. యుద్ధకాలపు మిలిటరీ జీపులో ఇది 39/8, అంటే 4.88. ఆ తరవాతి పౌర జీపులో 43/8, అంటే 5.38.

హౌసింగ్ విప్పకుండానే దీన్ని తెలుసుకోవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనుక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగిన చుట్లే నిష్పత్తి. పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ ఈ షాఫ్ట్‌నే పట్టి ఉంచుతుంది కాబట్టి దాన్ని వదలాలి. అందువల్ల ముందుగా మిగతా చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టడం తప్పనిసరి.

ఉదాహరణ: టైరు చుట్టుకొలత 2.28 మీ. అనుకుంటే, గంటకు 60 కి.మీ. వేగంలో చక్రం నిమిషానికి సుమారు 439 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజను వేగం:
• 5.38 అయితే సుమారు 2,360
• 4.88 అయితే సుమారు 2,140
• 4.27 అయితే సుమారు 1,875

నిష్పత్తి తగ్గితే ఇంజను తీరికగా తిరుగుతుంది. కాని 5.38 నుంచి 4.27కు మారితే చక్రం వద్ద లాగుడు శక్తి దాదాపు 21 శాతం తగ్గుతుంది. ఎత్తు మీద సరుకు బండికి ఇది నష్టమే.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనుక నిష్పత్తులు ఒకటే ఉండాలి. లేకపోతే గట్టి రోడ్డుపై నాలుగు చక్రాలకూ శక్తి అందించినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది.

5.3 నిర్మాణం

సెమీ ఫ్లోటింగ్ రకంలో యాక్సిల్ షాఫ్ట్ చక్రాన్ని తిప్పడమే కాక బండి బరువునూ మోస్తుంది. బేరింగు బయట షాఫ్ట్ విరిగితే చక్రం ఊడిపోతుంది. ఇరుకైన బజారులో ఇది ప్రాణాంతకం. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువును హౌసింగ్ గొట్టంపై అమర్చిన రెండు బేరింగులు మోస్తాయి. షాఫ్ట్ పని తిప్పడం వరకే. అది విరిగినా చక్రం స్థానంలోనే ఉంటుంది.

మిలిటరీ జీపు వెనుక యాక్సిల్ ఫుల్ ఫ్లోటింగ్ రకం. అయితే దాని నిష్పత్తి 4.88 కాబట్టి, 5.38 బండిలో వేయాలంటే క్రౌన్, పినియన్ జతను మార్చాలి. ఈ రెండింటినీ ఎప్పుడూ జతగానే కొనాలి.

5.4 కొలతలు

పాత జీపులో డిఫరెన్షియల్ మధ్యలో కాక కుడివైపుకు జరిగి ఉంటుంది. మధ్యలో ఉన్న యాక్సిల్ వేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలుగా తిరిగి, జాయింట్లు త్వరగా అరుగుతాయి. కమాన్ కట్టల మధ్య దూరం, మొత్తం వెడల్పు, చక్రం బోల్టుల అమరిక (జీపుకు 5 బోల్టులు, 139.7 మి.మీ. వృత్తం) కూడా కొలిచి చూడాలి.

5.5 చట్టం

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. బలమైన యాక్సిల్ వేసినంత మాత్రాన అనుమతించిన బరువు పెరగదు.

5.6 సారాంశం

మన ఉదాహరణలోని బండికి 5.38 నిష్పత్తినే ఉంచడం మేలు. కొలతలు కుదిరిన ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ దొరికితే అదే మొదటి ఎంపిక. దొరకకపోతే షాఫ్టుల్లో పగుళ్లు లేవని, హబ్ నట్లు, కీలు గట్టిగా ఉన్నాయని పరీక్షించి సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ వాడవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్రౌన్ వీల్‌కు 41, పినియన్‌కు 10 పళ్లుంటే నిష్పత్తి ఎంత?
2. ఒక చక్రాన్నే లేపినప్పుడు దాన్ని రెండు చుట్లు ఎందుకు తిప్పాలి?